వాల్వ్ పెట్టె, బిందెడు నీళ్లు

2023 మార్చి. హిందూపురంలో అప్పటికే ఎండ ముదిరింది. మా షాపు బోర్డు మీద ఇప్పటికీ రేడియో బొమ్మే ఉంటుంది గానీ, రిపేరుకని రేడియో వచ్చి ఎన్నేళ్లయిందో నాకే గుర్తు లేదు. మైక్ సెట్లు, పెళ్లిళ్ల డీజే బాక్సులు, మిక్సర్లు, ఎప్పుడన్నా ఒక ఇండక్షన్ స్టవ్వు. ముప్పై నాలుగేళ్లుగా అదే బెంచీ, అదే స్టూలు. ఊళ్లో నన్ను రేడియో నాగప్ప అంటారు. కోపం జాస్తి అని కూడా అంటారు, అదీ నిజమే. చెడిన సామాను బెంచీ మీద పెట్టి, "ఏం లేదప్పా, యాడో వైరు ఊడింటాది చూడు" అని రోగం పేరు కూడా వాళ్లే చెప్పేస్తే నాకు ఒళ్లు మండుతుంది. అంత తెలిసినవాళ్లు నా దగ్గరికి ఎందుకు రావాలి?

మా షాపు మెట్టు పక్కన భూమిలోకి దింపిన ఇనప పైపు ఒకటుంది. దాన్ని ఎర్త్ అంటాం. మిషను ఒంటి మీదికి పొరపాటున పాకిన కరెంటును మనిషికి తగలకుండా భూమిలోకి దించేసే దారి అది. కానీ మా సీమ నేల సంగతి తెలిసిందే. ఎండాకాలం రాయి అయిపోతుంది, ఎండిన నేల కరెంటును లోపలికి తీసుకోదు. అందుకని పొద్దున షాపు తెరవగానే ఆ పైపు మొదట్లో ఒక చెంబు నీళ్లు పోస్తాను. టీ గ్లాసులు కడిగిన నీళ్లూ దానికే. ఎదురుగా పూలు కట్టి అమ్మే ఆమె, "పైపుకు కాయలు ఎప్పుడు కాస్తాయన్నా?" అని రోజూ ఎగతాళి చేస్తుంది. నేను వినిపించుకోను. నా పైపు నాది.

ఆ మార్చిలో ఒక బుధవారం దేవదానం వచ్చాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయిన మనిషి. సోమందేపల్లి దగ్గర హైవే దిగి మూడు కిలోమీటర్లు లోపలికి పోతే వాళ్ల ఊరు. భుజం మీద గోనెసంచి. విప్పితే అందులో పాతకాలపు వాల్వ్ ఆంప్లిఫైయరు. వాల్వ్ అంటే గాజు బుడ్డి. లోపలి గాలంతా లాగేసి మూతి మూసి ఉంటారు, మధ్యలో సన్నటి తీగ ఎర్రగా కాగుతుంటుంది. ట్రాన్సిస్టర్లు రాకముందు రేడియోలు, మైక్ సెట్లు వీటితోనే నడిచేవి. నేను పని నేర్చుకున్నది వీటి మీదే. చూడగానే చిన్నప్పటి స్నేహితుడు ఎదురైనంత సంతోషమైంది. కానీ స్నేహితుడి పరిస్థితి బాగా లేదు. ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయి ఉన్నాయి, వైర్లన్నీ ఎలుకలు కొరికేశాయి.

"ఇది మా చర్చిలో ఉండ్య నాగప్పా. ఇది బతికుండేటప్పుడు మా ఆమె గొంతు నువ్వు వినాల్సింది. ఇప్పుడు కొత్త మిషన్లు వచ్చినాయి, ఆమె గొంతు పోయింది. నువ్వు దీన్ని మళ్లా లేపు" అన్నాడు.

కథంతా అతను నిదానంగా చెప్పుకొచ్చాడు. భార్య ఎస్తేరమ్మ ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ చర్చిలో పాట ఎత్తే మనిషి. ఆమె మొదటి చరణం ఎత్తుకుంటే తక్కిన వాళ్లంతా అందుకుంటారు. వారమంతా కూలి పని, సేద్యం పని. ఆదివారం మాత్రం ఆ గొంతుకు ఊరంతా మర్యాద ఇచ్చేది. మూడేళ్ల కిందట చర్చిని కొత్తగా కట్టుకున్నారు. నున్నటి నేల, కూలర్, మిక్సర్, కొత్త స్పీకర్లు వచ్చాయి. ఈ పాత సెట్టు అటక ఎక్కింది. సరిగ్గా అప్పటి నుంచే ఎస్తేరమ్మ గొంతు కీచుమనడం మొదలయింది. మిక్సర్ దగ్గర కూర్చునేది చర్చి పాస్టరు అయ్యగారి అల్లుడు, బ్యాంకులో ఉద్యోగం. అతను ఎన్ని మీటలు తిప్పినా గొంతు పలచగా పోతుంది, లేదా స్పీకర్లు కూత పెడతాయి. మే నెలలో ధర్మవరంలో చుట్టుపక్కల సంఘాలన్నీ కలిసి సభలు జరుపుకుంటాయి. ఒక్కో సంఘం తరఫున ఒకరు పాట ఎత్తాలి. ఏప్రిల్ ఆఖరు దాకా చూసి, ఎస్తేరమ్మ గొంతు ఇలాగే ఉంటే వేరేవాళ్లను పంపిద్దామని పెద్దలు అనుకున్నారట. ఆమె కాదనలేదట.

"పంపితే పంపనీ, పోతే పోనీ. అది గాదు నా బాధ. ఇంట్లో గూడా పాడ్డం మానేసినాది నాగప్పా. అంట్లు తోముతా పాడేది, ఆవుకు గడ్డి ఏస్తా పాడేది. ఇప్పుడు ఇల్లు గమ్మున ఉండాది" అన్నాడు.

తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. నేను లేచి టీ చెప్పి వచ్చాను. అరవై దాటిన మనిషి కళ్లలో నీళ్లు చూస్తూ కూర్చునే ఓపిక నాకు లేదు.

పాత సెట్టు బతకదని అతనికి చెప్పేశాను. దాని బదులు ఒక ఉపాయం చెప్పాను. మైకులోంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది, వోల్టులో వెయ్యో వంతు అలా ఉంటుంది. దాన్ని పెద్ద ఆంప్లిఫైయరు అందుకునేంత పైకి ఎత్తే మొదటి మెట్టును ప్రీఆంప్లిఫైయర్ అంటాం. గొంతుకు రంగు వచ్చేది ఆ మొదటి మెట్టులోనే అని నా నమ్మకం. ఆ ఒక్క మెట్టును వాల్వుతో కడదాం, తక్కినదంతా చర్చిలో ఉన్న కొత్త సామానే వాడుకుందాం అన్నాను. చెప్పేకొద్దీ నాకే హుషారు పుట్టింది. పాతికేళ్లుగా వాల్వ్ సెట్టు కట్టమని అడిగినవాడే లేడు. నిజం చెప్పాలంటే, ఆ నిమిషం నుంచి ఎస్తేరమ్మ గొంతు కన్నా నా పెట్టె మీదే నాకు ధ్యాస ఎక్కువైంది.

ఆరు వారాలు పట్టింది. వాల్వ్ బెంగళూరు నుంచి తెప్పించాను. ట్వెల్వ్ ఏఎక్స్ సెవెన్ అంటారు దాన్ని, బొటనవేలంత బుడ్డి. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించడానికి ధర్మవరం పోయాను. అక్కడ బోరు మోటార్లు రీవైండింగ్ చేసే పాత నేస్తం ఒకడున్నాడు. "ఇంకా ఈ బుడ్లతోనే సంసారమా నీకు?" అని నవ్వి, చుట్లు లెక్క రాసుకొని బ్రహ్మాండంగా చుట్టిచ్చాడు. అల్యూమినియం రేకుతో పెట్టెను పెనుకొండలో ఒక రేకు పనివాడు వంచి ఇచ్చాడు. మొదటిసారి కొలత తప్పు ఇచ్చింది నేనే అయినా అరిచింది మాత్రం అతని మీద. పాపం, మారు మాట్లాడకుండా మళ్లీ చేశాడు.

బుధవారం బుధవారం దేవదానం బస్సెక్కి వచ్చేవాడు. ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని సీసం కరిగించి వైర్లు అతికే సోల్డరింగ్ పని నేర్పాను. డ్రైవరు చెయ్యి కదా, వణకదు. రెండో వారానికే జాయింట్లు నా కన్నా నున్నగా పెట్టడం మొదలుపెట్టాడు. ఆ మాట అతనికి చెప్పలేదు, నెత్తికెక్కుతుందని. అతను తెచ్చే బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తింటూ పని చేసేవాళ్లం. ఏ వైరు ఎందుకని అడిగేవాడు, నేను విసుక్కుంటూనే చెప్పేవాణ్ని. పెట్టె ముందు ఒక స్విచ్ పెట్టాం. ఇటు నొక్కితే గొంతు వాల్వ్ గుండా పోతుంది, అటు నొక్కితే వాల్వును తప్పించుకొని నేరుగా మిక్సర్‌కు పోతుంది. తేడా అందరికీ తెలియాలని నా సరదా. వాల్వ్ కనపడేలా పెట్టె పైన బెజ్జం కోసి, చుట్టూ జాలీ పెట్టాను. మొదటిసారి స్విచ్ వేసినప్పుడు బుడ్డిలో ఎర్రటి వెలుగు నిదానంగా వచ్చింది. దేవదానం చేతులు జోడించుకొని నిలబడ్డాడు. నేను ఎగతాళి చేయబోయి ఊరుకున్నాను.

ఏప్రిల్ మూడో వారంలో ఎస్తేరమ్మను షాపుకు తీసుకొచ్చాడు. బక్కపలచటి మనిషి, యాభై అయిదేళ్లుంటాయి. కొంగు రెండు భుజాల మీదుగా కప్పుకొని వచ్చింది. వచ్చినప్పటి నుంచి ఆ పెట్టె వంకే చూస్తోంది. నేను నా గొప్ప చెప్పుకోవడం మొదలుపెట్టాను. ఇలాంటిది ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఎవరూ కట్టలేరమ్మా అన్నాను. అంతటితో ఆగానా?

"ఇంత చిన్న పెట్టెలో రెండు వందల యాభై వోల్టులు ఉంది, తెలుసా?"

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. మైకు స్టాండు ముందు నిలబడి పాడమంటే రెండు అడుగుల దూరంలో నిలబడింది. ముందుకు రమ్మన్నాను. ఒక అంగుళం జరిగింది. గొంతు ఎంత అందుతోందో చూపే మీటర్ ఒకటి పెట్టెకు పెట్టాను, దాని ముల్లు కదలడం లేదు. మళ్లీ రమ్మన్నాను. గొంతు పెంచి పాడింది గానీ దగ్గరికి రాలేదు. ఆ పెంచిన గొంతు పైకి పోయి కీచుమంది. ఆరు వారాల కష్టం, నాకు కోపం ఆగలేదు.

"దగ్గరికి రా అమ్మా. మైకేమన్నా కరుస్తుందా?" అని కసిరాను.

ఆమె నా వంక ఒకసారి చూసి తల దించుకుంది. ఏదో చెప్పబోయి ఆగినట్టు నాకు ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు. చదువుకోని మనిషి, మిషను అంటే బిడియం, చర్చిలో అలవాటైన చోట అయితే పాడుతుందిలే అనుకొని వదిలేశాను.

ఆ శనివారం పెట్టె తీసుకొని వాళ్ల ఊరు పోయాను. చర్చిలో ఎవరూ లేరు. ముందర పెద్ద జంఖానా పరిచి ఉంది, కీబోర్డు, మిక్సర్, మైకు స్టాండు అన్నీ దాని మీదే. నా పెట్టె కలిపి, జంఖానా మీద నిలబడి నేనే మైకులో పాడి చూశాను. నా గొంతు సంగతి మా ఇంట్లో అడగాలి, అయినా ఆ వాల్వులో నాకే ముద్దొచ్చింది. గుర్రుమనే చప్పుడు చుక్క కూడా లేదు. అయ్యగారి అల్లుడు కూడా వచ్చి విని, చాలా బాగుందన్నాడు. కుర్రవాడు మంచివాడే, మర్యాద తెలిసినవాడు. రేపు ఆరాధన అయ్యేదాకా ఉండమని దేవదానం బలవంతం చేశాడు. ఉండిపోయాను.

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. ఆడవాళ్లు అప్పుడే నేల కడిగి తుడిచారు, ఇంకా తడి ఆరలేదు. వాకిట్లో చెప్పుల గుట్ట. లోపల కూలర్ హోరుమంటూ తిరుగుతోంది. పెట్టె స్విచ్ వేశాను. వాల్వ్ వేడెక్కగానే స్పీకర్లలో గుర్రుమని మోత. నిన్న లేని మోత. వైర్లు అటూ ఇటూ కదిపాను, పోలేదు. ఇంతలో పాట వేళ అయింది. ఎస్తేరమ్మ లేచి వచ్చింది. ఆమె నిలబడే చోటు ఎప్పుడూ ఆడవాళ్ల వైపే, జంఖానా అంచుకు ఇవతల, వట్టి నేల మీద. స్టాండును తన వైపు వంచి ఇచ్చారు. మళ్లీ అదే రెండు అడుగుల దూరం. ఎత్తుకుంది. గొంతు అందడం లేదని అల్లుడు వాల్యూము పెంచాడు, మోతా పెరిగింది, ఆ వెంటనే స్పీకర్లు చెవులు చిల్లులు పడేలా కూత పెట్టాయి. పిల్లలు చెవులు మూసుకున్నారు, వెనక ఎవరో నవ్వారు. ఎస్తేరమ్మ రెండో చరణం మధ్యలో ఆపేసి, పోయి ఆడవాళ్లలో కూర్చుంది. కీబోర్డు పిల్ల అక్కడి నుంచి అందుకొని పాట పూర్తి చేసింది.

మా వృత్తిలో పరువు పోవడం అంటే ఇదే. నాకు భూమిలోకి పోవాలనిపించింది. కానీ ఆమె కూర్చున్న తీరు చూశాక నా పరువు సంగతి మరిచిపోయాను. ఒడిలో చేతులు పెట్టుకొని, ఇక ఎవరితోనూ పని లేనట్టు కూర్చుంది. నా పక్కన కూర్చున్న దేవదానం నా వంక చూడనే లేదు.

ఆరాధన అయిపోయి జనం పలచబడ్డాక పెట్టె విప్పుకొని కూర్చున్నాను. తప్పు యాడుందో దొరకడం లేదు, నన్ను నేనే తిట్టుకుంటున్నాను. ఎస్తేరమ్మ గ్లాసులో టీ తెచ్చి నా పక్కన పెట్టింది. పోలేదు, అక్కడే కింద కూర్చుంది.

"ఆ పెట్టెలో తప్పు ల్యాదన్నా. తప్పు నాదే. నాకు ఆ మైకంటే బయ్యం" అంది.

ఎందుకని అడిగాను. ఈసారి కసరలేదు.

"అది కరుస్తాది" అంది.

చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాను. ఆమె చెప్పింది. కొత్త చర్చిలో మొదటి ఎండాకాలం, పాట ఎత్తుతూ ముందుకు వంగితే పెదిమలకు జిల్లుమని కొట్టింది. నోరంతా తిమ్మిరెక్కింది. అల్లుడికి చెబితే అతను వచ్చి మైకు పట్టుకొని చూసి, ఏమీ లేదు అత్తా అన్నాడు. నిజమే, అతనికి ఏమీ తగల్లేదు. కీబోర్డు పిల్లకూ తగల్లేదు. ఆ తరువాత ఒక ఆదివారం కొట్టేది, ఒక ఆదివారం కొట్టేది కాదు. చలికాలం అంతా ఊరుకునేది. పోయిందిలే అనుకుంటే ఎండాకాలం మళ్లీ కొట్టేది. ఎప్పుడు కొడుతుందో తెలియక దూరంగా నిలబడటం నేర్చుకుంది. దూరం నుంచి వినపడాలని గొంతు పెంచింది. పెంచితే కీచుమంది.

దేవదానానికి ఎందుకు చెప్పలేదని అడిగాను. చెబితే అయ్యగారి ఇంటి మీదికి కొట్లాటకు పోతాడంది. ఆ తరువాత నా వంక చూడకుండా అసలు మాట చెప్పింది.

"ఇంతమందికి ల్యాకుండా నా నోటికే ఎందుకు కొట్టాల? దేవుడే నన్ను ఇంగ పాడద్దంటాండాడేమో అనుకున్యా అన్నా. ఏం తప్పు జేసినానో తెల్దు. ఇంట్లో గూడా నోరు తెరిస్తే అదే గుర్తుకొస్తాది."

మూడేళ్లు. మూడేళ్లు ఆ మనిషి ఒక కరెంటు లీకును దేవుడి మాటగా మోసుకుంటూ తిరిగింది. నేనేమో షాపులో నిలబెట్టి, మైకేమన్నా కరుస్తుందా అని అడిగాను. నా మీద నాకు వచ్చిన అసహ్యం ఇంతా అంతా కాదు. ఆమె ముందు అవన్నీ చెప్పలేక, లేచి చెప్పులు లేని కాళ్లతో జంఖానా దిగి, ఆమె నిలబడే చోట నిలబడ్డాను. మోపు గుడ్డ తడిపి అక్కడి నేల తుడవమని దేవదానానికి చెప్పాను. కూలర్ ఇంకా తిరుగుతూనే ఉంది. టెస్టర్ తీసి మైకు జాలీకి ఆనించాను.

టెస్టర్‌లో ఎర్రదీపం వెలిగింది.

మల్టీమీటర్ ఒక తీగ మైకుకు, ఇంకొకటి తడి నేలకు పెట్టి చూస్తే అరవై చిల్లర వోల్టులు. "కూలర్ ఆపండి" అన్నాను. ఆపగానే అంకెలు బొత్తిగా కిందికి పడిపోయాయి, స్పీకర్లలో మోత కూడా ఆగిపోయింది. అందరినీ పిలిచి చూపించాను. సంగతి ఇది. కూలర్ లోపల నీళ్లు తోడే చిన్న పంపు లీకవుతోంది. ఆ కరెంటు ఎర్త్ వైరు గుండా భూమిలోకి పోవాలి. భూమి తీసుకోవడం లేదు. అప్పుడది అదే ఎర్త్ వైరు పట్టుకొని మిక్సర్ ఒంటికి, అక్కడి నుంచి మైకు ఒంటికి వచ్చి కూర్చుంటోంది. దళసరిగా, పొడిగా ఉండే జంఖానా మీద నిలబడిన వాళ్లకు అది తగలదు. శనివారం కూలర్ తిరగలేదు, నేనూ జంఖానా మీదే నిలబడ్డాను. తడి నేల మీద ఉత్త కాళ్లతో నిలబడి మైకులో పాడేది ఆ చర్చిలో ఒక్క ఎస్తేరమ్మే. చలికాలం కూలర్ తిరగదు కాబట్టి మైకు కరవదు.

"మీ ఎర్త్ పైపు యాడ?" అని అడిగాను.

ఎవరికీ తెలియదు. దేవదానమే గుర్తు తెచ్చుకొని గోడ వెనకకు తీసుకుపోయాడు. పాత చర్చి ఉన్నప్పుడు అక్కడ కొళాయి ఉండేదట. లోపలికి వచ్చేవాళ్లంతా అక్కడే కాళ్లు కడుక్కునేవాళ్లు. ఆ నీళ్లన్నీ పైపు మొదట్లోకే పోయేవి, ఎవరూ పని పెట్టుకొని పోయకుండానే. కొత్తది కట్టినప్పుడు కొళాయి గేటు దగ్గరికి మార్చారు. పైపు చుట్టూ నీటుగా సిమెంటు పూసేశారు. మూడేళ్లుగా ఆ పైపుకు గుక్కెడు నీళ్లు లేవు. రోజూ నా పైపుకు చెంబుతో నీళ్లు పోసుకునే నేను, ఇక్కడికి వచ్చి ఎర్త్ సంగతి అడగనే లేదు. నా వాల్వ్ మోజులో పడి, పని నేర్చుకున్న మొదటి రోజు చెప్పే పాఠం మరిచిపోయాను.

దేవదానం గడ్డపార తెచ్చి సిమెంటు పగలగొట్టాడు. లోపల మన్ను పొడి పొడిగా రాలింది. విన్న ఆడవాళ్లు ఇళ్ల నుంచి బిందెలు తెచ్చారు. మొదటి బిందె పోస్తే నేల బుస్సుమని తాగేసింది. ఎనిమిది బిందెల దాకా తాగింది. అల్లుడు స్వయంగా రెండు బిందెలు మోసుకొచ్చి, ఎస్తేరమ్మ దగ్గరికి పోయి, "నేను నమ్మల్యా అత్తా, తప్పు నాది" అన్నాడు. ఆమె అతని గడ్డం పుణికింది.

కూలర్ ప్లగ్గు పీకేసి పక్కన పెట్టించాను. పంపు మార్చేదాకా ముట్టవద్దన్నాను. లీకయితే క్షణంలో కరెంటు కట్ చేసే స్విచ్ కూడా ఆ వారమే పెట్టించాం. ఆ పూటకు మాత్రం అన్నీ మీటరుతో మళ్లీ కొలిచి చూసుకొని, తడి నేల మీద ఉత్త కాళ్లతో నిలబడి, అందరి ముందూ నా పెదిమలు మైకుకు ఆనించాను. తరువాత ఎస్తేరమ్మను పిలిచాను. కరెంటు పాకిందేమో అని అనుమానం ఉన్నదాన్ని మా పనిలో ఉన్నవాళ్లు అరచేత్తో పట్టుకోరు. కొడితే చెయ్యి బిగుసుకుపోతుంది. టెస్టర్ పెట్టి చూశాక కూడా ముందు వేలి వెనక వైపుతో తాకి చూస్తాం. అది ఆమెకు నేర్పాను. వేలు మడిచి, వెనక వైపుతో మైకును తాకింది. తీసింది. మళ్లీ తాకింది. ఈసారి వేలు అక్కడే ఉంచింది.

"షాపులో అట్లా అన్నందుకు నన్ను క్షమించమ్మా" అన్నాను. నా నోటి వెంట ఆ మాట రావడం మా ఇంట్లోవాళ్లు కూడా వినలేదు.

ఆమె నవ్వి, మైకుకు నాలుగు వేళ్ల దూరం దాకా వంగి, పొద్దున సగంలో ఆపేసిన చరణం దగ్గర ఎత్తుకుంది. గొంతు పెంచలేదు, పెంచే అవసరం లేదు. కింది స్వరం అంత నిండుగా ఉంటుందని నేను అనుకోలేదు. బిందెలు పట్టుకొని వాకిట్లో నిలబడిన ఆడవాళ్లు అక్కడి నుంచే అందుకున్నారు. దేవదానం గడ్డపార గోడకు ఆనించి, దానికే తల ఆనించి నిలబడ్డాడు.

పని వాడికి ఒక జబ్బు ఉంటుంది. పాట మధ్యలో నా చెయ్యి ఊరుకోక స్విచ్ అటు నొక్కింది. వాల్వ్ తప్పించి, నేరుగా మిక్సర్‌కు. చెవి పెట్టి విన్నాను. తేడా ఉంది, లేదనను, కానీ వేలెడంత. బక్క గొంతుకు ఆ నిండుతనం వచ్చింది మైకు దగ్గరికి రావడం వల్ల. ఆరు వారాలు, బెంగళూరు వాల్వ్, ధర్మవరం ట్రాన్స్‌ఫార్మర్, పెనుకొండ రేకు చేసింది వేలెడంత. తక్కినదంతా నీళ్లు చేశాయి. కాసేపు మనసు చివుక్కుమంది. ఆ తరువాత నిజాయితీగా వాళ్లకు ఆ మాట చెప్పి, పెట్టె వాపసు తీసుకుపోతానన్నాను.

ఎస్తేరమ్మ ఒప్పుకోలేదు. "ఉండనీ అన్నా. దాంట్లో కరెంటు యాడుండాదో ఎర్రగా అగుపిస్తాది. అగుపిస్తాంటే నాకు బయ్యం ల్యాదు" అంది. పెట్టె ఇప్పటికీ అక్కడే ఉంది.

మే నెలలో ధర్మవరం సభలకు నేనూ పోయాను, వెనక బెంచీలో కూర్చున్నాను. మధ్యాహ్నం మూడింటికి వాళ్ల సంఘం వంతు వచ్చింది. ఎస్తేరమ్మ స్టేజీ ఎక్కే ముందు మైక్ సెట్టు వాళ్ల దగ్గరికి పోయి ఏదో అడిగింది. వాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. ఒకడు పోయి బకెట్టుతో నీళ్లు తెచ్చి షామియానా వెనకకు పోవడం నేను చూశాను. ఆమె అక్కడే నిలబడి, పోసేదాకా చూసి, టెస్టర్ పెట్టించి, అప్పుడు మెట్లెక్కింది. ఆమె పాట ఎత్తిన తరువాత నేను ఎక్కువసేపు ఆ బెంచీలో కూర్చోలేకపోయాను. కళ్లు తుడుచుకునేది ఎవరన్నా చూస్తే, కోపిష్టి నాగప్ప అన్న పేరు పోతుంది కదా.

ఆ కేసు తరువాత నేను షాపులో ఒక పద్ధతి మార్చుకున్నాను. సామాను విప్పే ముందు, అది వాడే మనిషిని రమ్మంటాను. యాడ నిలబడతారు, కాళ్ల కింద ఏముంటుంది, దాన్ని ముట్టుకోవాలంటే భయమేమన్నా ఉందా అని అడుగుతాను. జవాబు సగంలో ఆగిపోతే కసరను, టీ చెబుతాను. రోగం పేరు చెప్పాల్సింది నేనే అన్న గర్వం కూడా కొంచెం తగ్గింది. ఎస్తేరమ్మ మూడేళ్ల ముందే ఆ రోగం పేరు చెప్పింది, వినేవాళ్లే లేకపోయారు.

మొన్న ఎండాకాలం పెట్టె చూసి రావడానికి ఒక ఆదివారం ఆ ఊరు పోయాను. గోడ వెనక పైపు దగ్గర నేల తడిగా ఉంది, వారానికి ఒక ఇంటివాళ్లు వంతు వేసుకొని బిందె పోస్తున్నారట. లోపల పిల్లలు ఒకరి తరువాత ఒకరు వాక్యం చదవడానికి లేచి వస్తున్నారు. ప్రతి పిల్లా మైకు ముందుకు రాగానే వేలు మడిచి, వెనక వైపుతో మైకును మెల్లగా తాకి, అప్పుడు నోరు తెరుస్తోంది. ఎందుకలా తాకుతావని ఆరేళ్ల పిల్లను అడిగాను.

"పాడేముందు అట్ల తాకి అడగాల తాతా. ఎస్తేరవ్వ చెప్పినాది" అంది.